దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే ముందు

అన్నిటికన్నా ముందు గడియారం చూసుకోండి. దోర్నాల దాటాక అంతా పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. ఒకసారి మార్కాపురంలో టీ, కబుర్లు అంటూ ఆలస్యం చేసి, గేటు పడ్డాక చేరాం. గేటు ముందు లారీల వరస, మా కారులో నిద్రపట్టని పిల్లలు, దోమలు. తెల్లారేదాకా అదే మా లాడ్జి! అందుకే సాయంత్రం 6 కల్లా దోర్నాలలో ఉండేలా బయల్దేరండి.

పెట్రోలు, టైరు గాలి, బ్రేకులు దోర్నాలలోనే చూసుకోండి. లోపల దాదాపు 50 కిలోమీటర్లు అడవే. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేయకండి, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. మలుపు దగ్గర హారన్ కొట్టాలి, ఓవర్‌టేక్ మాత్రం వద్దు.

వాంతులయ్యే వాళ్లుంటే ముందు సీటు, ఒక నిమ్మకాయ, రెండు కవర్లు. కోతులకు అరటిపండ్లు విసరకండి. వాటి కోసం రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

రైల్లో వచ్చేవాళ్లు గుంటూరు-నంద్యాల లైన్లో మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగాలి. ఊరు అక్కడికి కాస్త దూరం, ఆటో ఎక్కాల్సిందే. చివరి బస్సు ఎప్పుడో బస్టాండులో అడిగాకే టిఫిన్‌కి కూర్చోండి.

గిద్దలూరు నుంచి నంద్యాలకైతే ఘాట్ టెన్షన్ ఎందుకు, రైలెక్కండి. దిగువమెట్ట దాటాక కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టమే.