బేరింగ్ కంపెనీ షేరు కొనేముందు ఈ ఒక్క లెక్క వేయండి

మారతహళ్లిలో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే షేర్ల కబుర్లే. బెంగళూరులోనే ఆఫీసున్న టిమ్కెన్ ఇండియా లాంటి బేరింగ్ కంపెనీల మాట వస్తే అందరూ లాభమే చూస్తారు. దయచేసి క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ (కంపెనీలోకి వచ్చిన, బయటికి పోయిన నగదు లెక్క) కూడా తెరవండి. వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి ప్లాంటు, యంత్రాల ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని అమ్మకాలతో భాగించండి. అదే ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్. అమ్మకాలు 1,000 కోట్లు, నగదు 150, యంత్రాలకు 90 అనుకుంటే 6 శాతం.

ఒక్క ఏడాది అంకె తగ్గిందని టెన్షన్ పడొద్దు. కొత్త ప్లాంటు కడుతున్నా, గోడౌన్‌లో సరుకు పేరుకున్నా అది పడిపోతుంది. నేనైతే ఐదేళ్ల మిగులు మొత్తం కలిపి ఐదేళ్ల అమ్మకాలతో భాగిస్తాను. లీజు బాకీలో అసలు (వడ్డీ కాని భాగం) చెల్లింపులు అదే స్టేట్‌మెంట్‌లో ఫైనాన్సింగ్ కింద ఉంటాయి, మిగులులోంచి వాటినీ తీసేయండి.