టమ్మీ టక్ తర్వాత ఆరు వారాలు: పొట్టకు విశ్రాంతి, కాళ్లకు పని

"రెండు సిజేరియన్లు తట్టుకున్నాను, ఇదెంత?" అనుకుని టమ్మీ టక్‌కు, అంటే వదులైన పొట్టను బిగించే ఆపరేషన్‌కు వచ్చేవాళ్లు చాలామంది. కానీ రెండింటికీ పోలిక తక్కువ. ఇందులో కోత ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా ఉంటుంది. బొడ్డు కింద వేలాడే చర్మం, కొవ్వు తీసేస్తారు. కాన్పులతో ఎడమైన పొట్ట కండరాలను దగ్గరికి లాగి, మధ్యగీత వెంబడి కుట్లు వేస్తారు. పైచర్మాన్ని కిందికి దించి, బొడ్డు కోసం అందులో కొత్త రంధ్రం చేస్తారు. బయటి కుట్టు రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది. కండరాలకు వేసిన లోపలి కుట్టు గట్టిపడటానికి ఆరు వారాలైనా పడుతుంది. నొప్పి మాత్రం రెండో వారానికే బాగా తగ్గుతుంది. అసలు చిక్కు ఇక్కడే. ఒళ్లు బాగుందనిపించిన మూడో వారంలోనే చేయకూడని పనులు మొదలుపెడతారు.

కింద చెప్పిన రోజుల లెక్క పైన వివరించిన పూర్తి టమ్మీ టక్‌కు సంబంధించింది. మీ సర్జన్ వేరేగా చెబితే ఆ మాటే వినండి.

ఆపరేషన్‌కు ముందే ఇల్లు సర్దుకోండి

కమోడ్ లేని ఇల్లయితే మందుల షాపులో కమోడ్ కుర్చీ అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి. గొంతుకూర్చోవడంలో పెద్ద ఇబ్బంది లేదు, అక్కడి నుంచి లేచేటప్పుడే పొట్ట బిగుసుకుని కుట్టు లాగుతుంది. నేల మీద పీటేసుకుని కూర్చోవడానికీ ఇదే లెక్క. వంటింట్లో రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తుకు తెచ్చుకోండి. నాలుగైదు దిండ్లు, బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు, ముందు గుండీలున్న నైటీలు, మిల్లీలీటర్ల గీతలున్న కొలత కప్పు సిద్ధంగా ఉంచండి. మొదటి మూడు రోజులు రాత్రీ పగలూ పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

పొగాకు ఏ రూపంలో ఉన్నా ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందూ, నాలుగు వారాల తర్వాతా మానేయాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. కిందికి లాగి కుట్టిన చర్మానికి అసలే రక్తం అంతంతమాత్రంగా అందుతుంది. అది ఇంకా తగ్గితే పొట్ట కింద మధ్యభాగంలో చర్మం నల్లబడి చచ్చిపోతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ నమిలినా జరిగేది అదే.

పడుకోవడం, లేవడం, నడవడం

వెల్లకిలా చదునుగా పడుకోకూడదు. వీపు కింద దిండ్లు పెట్టి 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి, మోకాళ్ల కింద ఇంకో రెండు దిండ్లు పెట్టుకోవాలి. శరీరం నడుము దగ్గర మడిచినట్టు ఉంటే కుట్టు మీద లాగుడు తగ్గుతుంది.

లేచేటప్పుడు తల, ఛాతీ ముందుకు ఎత్తి లేవకండి. మోకాళ్లు మడిచి, భుజం, నడుము ఒకేసారి కదిలేలా పక్కకు తిరగండి. కాళ్లను మంచం అంచు నుంచి కిందికి దించుతూ, మోచేయి, అరచేయి ఆనించి లేచి కూర్చోండి. ఒక నిమిషం ఆగి, తల తిరగడం లేదనుకున్నాకే నిలబడండి. దగ్గు, తుమ్ము వస్తే దిండును పొట్టకు గట్టిగా హత్తుకోండి.

అదే రోజు సాయంత్రం, లేదంటే మర్నాడు పొద్దున నుంచే నడవాలి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి గదిలో ఐదు నిమిషాలు తిరగండి, మంచం మీద ఉన్నప్పుడు పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించండి. నడుము వంచే నడవండి. వారం పది రోజుల్లో మెల్లగా అదే నిటారవుతుంది, మీరు బలవంతంగా నిలబెట్టొద్దు. "బాలింతలాగా మంచం దిగనివ్వం" అనే ఇళ్లలో ప్రేమ ఎక్కువే కానీ, ఈ ఆపరేషన్‌కు ఆ పద్ధతి ప్రమాదం. కదలని కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు రాస్తే ఒక్కటీ వదలొద్దు.

పొట్ట బిగుతుగా ఉన్నప్పుడు ఊపిరి పైపైనే తీసుకుంటాం, ఊపిరితిత్తుల అడుగుభాగం విచ్చుకోదు. మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరి పీల్చి బంతులను పైకి లేపే పరికరం) ఇచ్చి ఉంటే గంటకు పదిసార్లు పీల్చండి.

డ్రెయిన్ చూసుకునే పద్ధతి

చర్మం కింద ఊరే నీరు బయటికి రావడానికి ఒకటో రెండో గొట్టాలు, వాటి చివర నొక్కితే ముడుచుకునే బుడ్డీ పెడతారు. బుడ్డీ నొక్కుకుని ఉంటేనే నీటిని లాగుతుంది, గాలితో ఉబ్బి ఉంటే గొట్టం ఉన్నా లేనట్టే. రోజుకు రెండుసార్లు ఇలా ఖాళీ చేయండి:

1. సబ్బుతో చేతులు కడగండి.
2. గొట్టం చర్మంలోకి వెళ్లే చోట ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో గొట్టాన్ని నొక్కుతూ వాటిని బుడ్డీ వైపు జార్చండి. లోపలి గడ్డలు కిందికి దిగుతాయి.
3. మూత తీసి కొలత కప్పులో వంచండి. మూత లోపలివైపు వేలు తగలనివ్వొద్దు.
4. బుడ్డీని పూర్తిగా నొక్కి, నొక్కి పట్టుకునే మూత పెట్టండి.
5. ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రంగు అన్నది గొట్టంవారీగా రాయండి.

మొదట ఎర్రగా, తర్వాత లేత గులాబీగా, చివరికి ఎండుగడ్డి రంగులో వస్తుంది. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ, అదీ వరుసగా రెండు రోజులు వస్తే సాధారణంగా తీసేస్తారు. ఎక్కువమందికి ఇది ఒకటి రెండు వారాల్లో జరుగుతుంది. ఎక్కువ తిరిగిన రోజు ఎక్కువ వస్తుంది. లెక్క తగ్గించి రాసి తొందరగా తీయించుకుంటే, నీరు లోపలే చేరి పొట్ట అలలాగా కదులుతుంది. అప్పుడు సూదితో తీయించుకోవడానికి పదేపదే ఆసుపత్రికి తిరగాలి.

మందులు, తిండి

మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి మాత్ర టైముకు వేసుకోండి. నొప్పి ముదిరాక వేసుకుంటే నడవలేరు, నడవకపోతే ఏమవుతుందో పైన చూశాం. పారాసిటమాల్ ఆరు గంటలకోసారి, అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. గట్టి నొప్పి మందు ట్రమడాల్ కలిసిన చాలా మాత్రల్లో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ముందే ఉంటుంది కాబట్టి, పైన డోలో 650 వేసుకునేముందు అట్ట మీద చదవండి. ట్రమడాల్ మలబద్ధకం చేస్తుంది, ముక్కితే లోపలి కుట్టు మీదే భారం. రాసిచ్చిన లాక్టులోజ్ మొదటి రోజు నుంచే తాగండి.

పప్పు తింటే చీము పడుతుందని, పెరుగుతో గాయం ఆరదని పథ్యం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కారం ముద్ద, చారన్నంతో పది రోజులు గడిపితే గాయానికి కావాల్సిన సరుకే అందదు. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, పప్పుతో కాదు. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోండి, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 90 గ్రాములు. రెండు గుడ్లలో 12, వండిన చికెన్ 100 గ్రాముల్లో 25 పైన, పనీర్ 100 గ్రాముల్లో సుమారు 18 గ్రాములు వస్తుంది. ఆవకాయ, అప్పడాలు మాత్రం పక్కన పెట్టండి, ఉప్పు వాపును పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే రోజూ చూసుకోవాలి.

బెల్టు, స్నానం, కాపడం

పొట్టకు బిగించే బెల్టు ఆరు వారాల వరకు, స్నానానికి తప్ప తీయరు. అరచేయి దూరేంత వదులు ఉండాలి. మడత పడితే ఆ గీత వెంబడి చర్మం నొక్కుకుపోతుంది, లోపల పల్చటి బనియను వేసుకోండి. లంగా బొందు వాచిన పొట్టను తాడులా కోస్తుంది, ఆ ఆరు వారాలూ చీర మాట మరచిపోండి. స్నానానికి సర్జన్ అనుమతి వచ్చాక స్టూలు మీద కూర్చుని, డ్రెయిన్ బుడ్డీలను మెడలో వేసుకున్న నాడాకు తగిలించి, గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి. తర్వాత బొడ్డు లోపల తడి లేకుండా అద్దండి.

కాపడం పెట్టొద్దు. వేడినీళ్ల సంచీ కూడా వద్దు. పొట్ట కింది భాగానికి నెలల తరబడి స్పర్శ ఉండదు, చర్మం కాలి బొబ్బలెక్కినా మీకు తెలియదు. పసుపు కూడా గాయం మీద రాయకండి.

ఏ పని ఎప్పుడు

కూర్చుని చేసే ఉద్యోగం రెండు మూడు వారాలకు. కారు నడపడం మాత్రం ట్రమడాల్ మానేశాక, గట్టిగా బ్రేక్ తొక్కగలిగినప్పుడు. స్కూటీ ఇంకా ఆలస్యం, గుంతల రోడ్డు, సెంటర్ స్టాండ్ రెండూ పొట్టకు పనే. ఆరు వారాలు 4 కిలోలకు మించి ఎత్తొద్దు. 20 లీటర్ల నీళ్ల క్యాన్, నిండు కుక్కరే కాదు, చంటిబిడ్డ కూడా ఇందులోకే వస్తుంది. మీరు సోఫాలో కూర్చుంటే బిడ్డను ఎవరైనా తెచ్చి పక్కన కూర్చోబెట్టాలి. సూర్యనమస్కారాలు, పొట్ట వ్యాయామాలు రెండు మూడు నెలల తర్వాతే, అదీ సర్జన్ సరేనన్నాక.

విదేశాల నుంచి వచ్చి చేయించుకునేవాళ్లు తిరుగు టికెట్‌ను డ్రెయిన్ తీసే రోజు చూసి కొనకండి. గంటల తరబడి కదలకుండా కూర్చునే విమాన ప్రయాణం కాళ్లలో గడ్డల ముప్పు పెంచుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగేలా సెలవు పెట్టుకోండి.

ఆగకుండా వెళ్లాల్సినవి

ఊపిరి ఆడకపోవడం, ఛాతీనొప్పి, దగ్గితే రక్తం వస్తే 108కి ఫోన్ చేయండి. ఒక్క కాలు పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బుడ్డీ గంటలోపే తాజా ఎర్ర రక్తంతో నిండడం, పొట్ట ఒక పక్క ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన వచ్చే నీరు, బొడ్డు లేదా కుట్టు పక్కన చర్మం నల్లబడటం, వీటికి రేపటిదాకా ఆగొద్దు.

సాయంత్రానికి వాపు పెరగడం, మొదటి వారం తూకం పెరిగినట్టు చూపడం మామూలే, అది ఎక్కించిన సెలైన్ నీరు. మచ్చ మూడు నాలుగు నెలల దాకా ఎర్రబడి ఉబ్బుతుంది, పాలిపోవడానికి ఏడాది పైనే పడుతుంది. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ షీటు రోజుకు 12 గంటలకు తగ్గకుండా రెండు మూడు నెలలు అంటించండి. ఇంతకుముందు చెవి కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగిన మచ్చ ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. కోత రెండు చివర్లలో చర్మం కొద్దిగా పొడుచుకుని కనిపిస్తే కంగారొద్దు. చాలావరకు వాపుతో పాటే తగ్గుతుంది, తగ్గనిదాన్ని ఆరు నెలలు దాటాక ఆ చోటుకే మత్తిచ్చి సరిచేస్తారు.