లేయర్లకు తాళం వేసే ఆటోలిస్ప్ స్క్రిప్టును నడిపే ముందు జాగ్రత్తలు

డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో లేయరుకు (గీతలను విడివిడిగా ఉంచే పొరకు) వేసే తాళానికి పాస్‌వర్డు ఉండదని, ఆటోలిస్ప్ (ఆటోక్యాడ్‌లోని ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టు వేసిన తాళాన్ని లేయర్ల పట్టిక తెరిచిన ఎవరైనా ఒక్క క్లిక్‌తో తీసేయగలరని గుర్తుంచుకోవాలి; ఇది పొరపాట్లను ఆపుతుందే తప్ప పట్టుబట్టినవారిని ఆపదు.

ముందుగా డ్రాయింగుకు నకలు తీసి, దానిపైనే పరీక్షించండి. తాళం వేసిన లేయరులోని పాత గీతలను మార్చలేకపోయినా, కొత్త గీతలు గీయడానికి వీలుంటుంది కనుక, ప్రస్తుత లేయరును వేరొకదానికి మార్చిన తర్వాతే స్క్రిప్టు తాళం వేయాలి.

రియాక్టర్ (డ్రాయింగులో ఏదైనా జరిగినప్పుడు దానంతటదే స్పందించే ఏర్పాటు) వాడితే, దాని కాల్‌బ్యాక్‌లో, అంటే అప్పుడు నడిచే ఫంక్షన్‌లో, ఆటోక్యాడ్ ఆదేశాలను నడిపే కమాండ్ ఫంక్షన్‌ను పిలవకూడదు. స్క్రిప్టు ఫైలు విశ్వసనీయ ఫోల్డరులో లేకపోతే, 2014 వెర్షన్‌తో వచ్చిన సెక్యూర్‌లోడ్ అనే భద్రతా సెట్టింగు హెచ్చరిక చూపుతుంది.

నిజంగా ఎవరూ ముట్టకూడని స్తంభాల గ్రిడ్ వంటివాటిని వేరే ఫైలులో ఉంచి, ఆ ఫోల్డరుకు చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, ఎక్స్‌రెఫ్‌గా (బయటి ఫైలుకు లింకుగా) జతచేయడమే నా దృష్టిలో మేలు.