వానలు మొదలయ్యేలోపు సీపీయూ మూత ఓసారి తీయండి

బెజవాడలో మే నెలంతా ఎండకు, ఉక్కకు నలిగిన కంప్యూటరు తొలకరి ఉరుములకు మొరాయించడం మామూలే. ఇలా మూలపడ్డ వాటిలో చాలావాటికి మదర్‌బోర్డు (లోపలి పెద్ద సర్క్యూట్ బోర్డు) పోయి ఉండదు. కరెంటు, ర్యామ్ (బోర్డులో గుచ్చే మెమరీ పట్టీ), బోర్డు మీది చిన్న సెల్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటి తేడా చేసి ఉంటుంది. మూడూ ముందే చూసుకోదగ్గవి.

మూత తీసే ముందే ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును బీరువాలో పెట్టండి. సీపీయూకే తగిలించి ఉంచితే పిడుగుకు రెండూ పోతాయి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మారితే ఆ కీ అడిగే అవకాశం ఉంది.

ఇక కరెంటు. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందంటే ఎర్తింగ్‌ను అనుమానించాల్సిందే. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నా వెనక ఎర్త్ వైరు లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఫైళ్లన్నీ సేవ్ చేసి యూపీఎస్ ప్లగ్గు ఆపి చూడండి. సిస్టమ్ వెంటనే ఆగిపోతే లోపలి 12 వోల్టుల బ్యాటరీ మార్చే టైమొచ్చినట్టే. ఉరుములప్పుడు మాత్రం యూపీఎస్‌ను నమ్ముకోవద్దు. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, రౌటర్ నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ (లాన్ కేబుల్) కూడా తీయాలి. ఫైబర్ కనెక్షనే కదా అనుకుంటారు గానీ, రౌటర్ అడాప్టర్ నుంచి లాన్ తీగ మీదుగా కూడా దెబ్బ బోర్డుదాకా వస్తుంది.

ప్లగ్గు పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుమును తాకి, అప్పుడు లోపల చెయ్యి పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపాలి. గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిక్‌మనేదాకా నొక్కండి. ఫ్యాన్లు తిరిగినా తెర నల్లగానే ఉంటే, ఒక్కో ర్యామ్‌నే పెట్టి చూడండి. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దు, ప్లగ్గు తీసినా అందులో షాక్ కొట్టేంత చార్జి నిలిచి ఉంటుంది.

కంప్యూటర్‌లో తారీఖు వెనక్కి పోతోందంటే బోర్డు మీది చిన్న సెల్లు (సీఆర్ 2032) అయిపోవస్తోందన్నమాట. చాలామంది దీన్ని పట్టించుకోరు. సెల్లు పూర్తిగా అయిపోయాక కరెంటు పోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, బూట్ వరుస, డిస్కు మోడ్ మారి ‘బూట్ డివైస్ లేదు’ అని చూపిస్తుంది. డిస్కు బాగానే ఉన్నా పోయిందనుకుని ఫార్మాట్ చేయించేస్తారు. సిస్టమ్ నడుస్తున్నప్పుడే బయోస్ పేజీలన్నీ ఫోన్లో ఫొటో తీసుకుని, తర్వాత సెల్లు మార్చండి. ప్లస్ గుర్తు పైకి ఉండాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు బెజవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చాయి. పల్లపు వీధుల్లో ఉండేవాళ్లు సీపీయూను నేల మీద ఉంచకండి, గట్టి బల్ల ఎక్కించండి. మునిగిందే అనుకోండి, ఆన్ అవుతుందేమోనని ఒక్కసారి కూడా స్విచ్చి వేయవద్దు. ఫైళ్లు ముఖ్యమైతే హార్డ్ డిస్కును ఎండబెట్టకండి, లోపలికి చేరిన బురద, డేటా ఉండే పళ్లేల మీద అట్టకడుతుంది. తడిగానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.