పెరట్లో లెట్యూస్ గడ్డ కట్టడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

క్యాబేజీలా గడ్డ కట్టి, కొరికితే కరకరలాడే లెట్యూస్ చలిని కోరే పంట. అమెరికాలో 1894లో బర్పీ విత్తన సంస్థ అందించిన ఐస్‌బర్గ్, అక్కడే కొత్త రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ బహుమతి పొందిన గ్రేట్ లేక్స్ వంటి పాత రకాలు హైబ్రిడ్లు కావు కనుక, వాటికి ఇంట్లోనే విత్తనం కట్టుకోవచ్చు. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాటికి తగిన చల్లదనం కార్తీకం నుంచి మాఘం వరకే ఉంటుంది. కింద చెప్పిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ గడువు తప్పడం వల్ల వచ్చేవే.

విత్తనం మొలవకపోవడం

మట్టి వేడి 27-30 డిగ్రీలు దాటితే, ఎంత మంచి లెట్యూస్ విత్తనమైనా నిద్రావస్థలోకి పోతుంది. పైగా చాలా రకాల గింజకు మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి, లోతుగా కప్పినా మొలవదు. గింజలను తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్ కింది అరలో ఉంచి, సాయంత్రం చల్లబడ్డాక నారుమడి మీద చల్లి, కనీకనపడనంత పలుచగా కొబ్బరి పొట్టు వేయాలి. రాత్రి చల్లదనంలోనే గింజ నీరు పీల్చుకోవడం ఇందులోని కీలకం.

మొలకలు మొదట్లో కుళ్లి వాలిపోవడం

ఇది నారుకుళ్లు తెగులు. ఒత్తుగా చల్లడం, నీరు నిలవడం దీనికి కారణాలు. నారును పలుచన చేసి, ఉదయం మాత్రమే నీరు పెట్టాలి.

ఆకులు విచ్చుకుపోయి గడ్డ కట్టకపోవడం

అందరూ అడిగేది ఇదే, దీనికి కారణాలు కూడా ఒకటికి మించి ఉంటాయి. మొదటిది ఆలస్యం. విత్తిన నాటి నుంచి గడ్డ బిగియడానికి 80-90 రోజులు పడుతుంది కనుక, అక్టోబరు 20 ప్రాంతంలో విత్తి, నాలుగైదు ఆకులు వచ్చాక నవంబరు మధ్యలో నాటితే సంక్రాంతి నాటికి గడ్డ చేతికి వస్తుంది. డిసెంబరులో విత్తితే, గడ్డ బిగియవలసిన సమయానికి ఎండ ముదురుతుంది. అలాగని తొందరపడి దసరా ముందే నాటనూ కూడదు, అది తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మన జిల్లాల్లో ఎవరూ మరువలేరు. అందుకే నారు ఎదిగేదాకా చూరు కింద కుండీల్లో పెంచడం మేలని నా అభిప్రాయం.

రెండవది ఇరుకు. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం తప్పనిసరి. మూడవది యూరియా, దానివల్ల ఆకు వెడల్పవుతుందే తప్ప గడ్డ గట్టిపడదు. బాగా చివికిన పశువుల గత్తం చాలు. కవిటి, పూసపాటిరేగ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న పెరళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే, ఈ మొక్క దానికి తట్టుకోలేదు. వేరే నీరు చూసుకోవాలి.

గడ్డ లోపల ఆకుల అంచులు మాడడం

మా పెరట్లో ఒకసారి, పైకి నిగనిగలాడుతున్న గడ్డను కత్తిపీట మీద రెండుగా కోస్తే, నడుమనున్న లేత ఆకుల అంచులు తడిసిన టీపొడి రంగులో కనిపించాయి. పండుగకు ఊరు వెళ్లి నాలుగు రోజులు నీరు మానేసి, వచ్చాక మడి నిండా పెట్టాము. ఇది తెగులు కాదు, లేత ఆకుకు కాల్షియం అందకపోవడం. కాల్షియం నీటితోపాటు ఆకుకు చేరుతుంది; మూసుకుని ఉన్న లోపలి ఆకు నుంచి నీరు ఆవిరి కాదు కాబట్టి, అక్కడికి చేరేది చాలా తక్కువ. మట్టిలో సున్నం ఉన్నా ఇలా జరగవచ్చు గనుక, సున్నం చల్లితే నయమవుతుందని ఆశించకూడదు. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిచి, రోజూ ఒకే వేళకు, ఒకే పాటి నీరు పెట్టడమే మార్గం.

చేదు, పూకాడ

వేడి పెరిగి, పగలు పొడవవుతున్న కొద్దీ మొక్క పూకాడ వేస్తుంది, కోసినచోట కారే తెల్లని పాలతోపాటు చేదు కూడా పెరుగుతుంది. కాడ లేచాక చేయగలిగింది లేదు. ఫిబ్రవరిలో ఇంకా గడ్డలు మిగిలి ఉంటే, మధ్యాహ్నం వేళ కొబ్బరి మట్టల నీడ కల్పిస్తే కొన్నాళ్లు కాపాడుకోవచ్చు.

పేనుబంకకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. నత్తలను రాత్రి దీపం పట్టుకుని ఏరివేయడమే మంచిది.

కోసిన గడ్డ వెంటనే వాడిపోవడం

ఎండ ఎక్కాక కోయడం దీనికి కారణం. అరచేతితో నొక్కితే గట్టిగా, కొంచెం లొంగినట్లుండే గడ్డను తెల్లవారుజామున కోసి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పక్కన అరటిపండ్లు ఉంచకూడదు. అవి వదిలే వాయువుకు ఆకు ఈనెల మీద గోధుమ మచ్చలు పడతాయి.

విత్తనానికి వదిలిన మొక్క పూయకపోవడం

గడ్డ మరీ బిగువుగా ఉంటే లోపలి కాడ పైకి రాలేక కుళ్లిపోతుంది. గడ్డ నెత్తిన కత్తితో పైపైన కూడిక గుర్తులా గాటు పెడితే కాడ బయటికి వస్తుంది. అందరికన్నా ఆలస్యంగా పూకాడ వేసిన మొక్కనే ఇందుకు ఉంచాలి. తొందరగా పూచిన దాని విత్తనం ఆ గుణాన్నే తెస్తుంది. గింజల మీద జిల్లేడు దూది లాంటి తెల్లని కుచ్చు కనిపించిన వెంటనే, గాలి లేని వేళ చూసి, కొమ్మను కాగితపు సంచిలోకి వంచి దులపాలి.