ఆహార భద్రత, మూడో పాఠం: తడిబట్టకి ఎన్ని మార్కులు?

పోయిన పాఠంలో ఆత్రేయపురం పూతరేకుల తయారీని, బియ్యం నానబోసిన దగ్గర్నుంచి డబ్బాలో సర్దేదాకా మెట్టు మెట్టుగా కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ ఒక్కో మెట్టులో తినేవాళ్లకి ముప్పు ఎంతో, దాని పక్కన మార్కులుగా వేయడం నేర్చుకుందాం.

ముందు హాజర్డ్‌, రిస్క్ అనే రెండు మాటలు విడదీసుకోవాలి. గోదావరి రేవులో సుడి ఉంది, అది హాజర్డ్. ఆ రేవులో రోజూ ఎంతమంది దిగుతున్నారు, దిగితే ఏమవుతుంది అని ఆలోచిస్తే వచ్చేది రిస్క్. సుడి ఒకటే అయినా, ఎవరూ దిగని చోట రిస్క్ తక్కువ. తిండిలో హాజర్డ్ సూక్ష్మజీవి కావచ్చు, రసాయనం కావచ్చు, బెల్లంలో రాయి కావచ్చు, అలర్జీ తెచ్చే జీడిపప్పు కావచ్చు.

ఒక్కో హాజర్డ్‌కీ రెండు ప్రశ్నలు. జరిగితే ఎంత నష్టం? జరిగే అవకాశం ఎంత? ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, రెండూ గుణించండి. ఎంత దాటితే వెంటనే పని మొదలుపెట్టాలో మీరే ముందుగా రాసుకోవాలి. మేం 10 పెట్టుకుంటాం. మార్కులు వేశాక ఆ గీత మార్చకూడదు. అలా మారిస్తే ఇంత లెక్కా వృథా.

ఇప్పుడు ఒకే మెట్టు దగ్గర ఆగుదాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు పొయ్యి దగ్గరే ఎక్కువ మార్కులు వేస్తారు, మంట కనబడుతుంది కాబట్టి. కానీ బోర్లించిన కుండ మీద పిండి జావ పడగానే ఆరిపోయి రేకై లేస్తుంది. అంత పొడిగా ఉన్నదాని మీద సూక్ష్మజీవులు పెరగలేవు. అసలు కథ ఆ తర్వాత ఉంది. ఎండురేకు మడత పెడితే పెళుసుగా విరుగుతుంది. అందుకని తడిబట్టతో అద్ది, మెత్తబడ్డాక నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి చుడతారు. ఇక దాన్ని మళ్లీ ఏ మంటా తాకదు.

ఒక రేకుల ఇంట్లో ఆ బట్టనే చూస్తూ కూర్చున్నాను. పొద్దున తెల్లగా ఉన్న బట్ట మధ్యాహ్నానికి అంచుల్లో జిగురుగా అయింది. పక్కన గిన్నెలో నీళ్లు బియ్యపు కడుగులా మారాయి. చుట్టే అక్క చెమట తుడుచుకుని, అదే చేత్తో బట్ట పిండింది. అడిగితే, "తడి లేకపోతే రేకు ఇరిగిపోద్దండి, ఏం చేత్తాం" అంది. ఆవిడ చెప్పింది నిజమే. తడి తప్పదు. అందుకే ఆ తడికి మార్కులు వేయాలి.

మన చర్మం మీదా, ముక్కులోనూ, తెగిన వేలి దగ్గరా ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా తేమ, తిండి, వెచ్చదనం దొరికితే పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మరిగించినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు కాబట్టి నష్టానికి 3. మనం కళ్లారా చూసిన దాన్నిబట్టి అవకాశానికి 4. మొత్తం 12. గీత దాటింది.

గంటకో ఉతికి మరిగించి ఆరబెట్టిన బట్ట, బట్ట మార్చినప్పుడల్లా గిన్నెలో కాచి చల్లార్చిన కొత్త నీళ్లు, సబ్బుతో చేతులు కడగడం, వేలు తెగినవాళ్లకి ఆ రోజు వేరే పని. ఇవి పెట్టాక అవకాశం 2కి దిగుతుంది, మొత్తం 6. నష్టం మాత్రం 3 గానే ఉందని గమనించారా? బట్ట మార్చినంత మాత్రాన విషం మెత్తబడదు కదా.

ఇక్కడే ఈ గుణకారంలో ఒక లోపం ఉంది. జీడిపప్పు రేకులు చుట్టిన పళ్లెంలోనే ఉత్త పంచదార రేకులు చుట్టారనుకోండి. జీడిపప్పు పడనివాళ్లకి ప్రాణం మీదికి రావచ్చు, నష్టం 5. అలాంటివాళ్లు తక్కువ కాబట్టి అవకాశం 1 వేసేస్తారు. మొత్తం 5, గీత కింద. ఒప్పుకోకండి. నష్టం 5 ఉన్న ఏ హాజర్డ్‌నీ మొత్తం చూసి వదిలేయకూడదు. పళ్లెం వేరు చేయాలి, లేబుల్ మీద జీడిపప్పు, నెయ్యి ఉన్నాయని రాయాలి.

"ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అన్న మాట మీద మాత్రం అవకాశానికి 1 వేయొద్దు. పార్సిల్ హైదరాబాద్ వెళ్తుంది. అక్కడ రాత్రి వాంతులైనవాళ్లు పెళ్లి భోజనాన్ని తిట్టుకుంటారు గానీ మీకు ఫోన్ చేయరు. నేను భీమవరం వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, ఏసీ గదిలో కూర్చుని ఐస్ గది దగ్గర అవకాశానికి 1 వేశాను. ఆ వారం నైట్ షిఫ్ట్‌లో వెళ్లి చూస్తే ఐస్ తోడే పార నేలమీద పడి ఉంది, దాని పక్కనే బూట్ల అడుగుల బురద. కాగితం మీద 1 కొట్టేసి 4 రాశాను.

1960లలో నాసా వ్యోమగాముల తిండి కోసం పిల్స్‌బరీ కంపెనీ, అమెరికా సైన్యపు ప్రయోగశాల మనం నేర్చుకుంటున్న ఈ హాసప్ (HACCP) పద్ధతిని, అంటే ప్రతి మెట్టులో హాజర్డ్ వెతికి అక్కడే అదుపు చేయడాన్ని, మొదలుపెట్టింది కూడా ఇందుకే. తయారైన సరుకును పరీక్షించి నమ్మకం తెచ్చుకోవాలంటే సరుకంతా పరీక్షకే సరిపోతుంది. అందుకే మెట్టు దగ్గరే నిలబడి చూడాలి.

ఈ వారం మీ పని: మీ తయారీలో మంట తర్వాత వచ్చే ఒక మెట్టు ఎంచుకోండి. పని జోరుగా ఉన్నప్పుడు గంటసేపు అక్కడ నిలబడి, చెయ్యి తాకిన ప్రతిదీ రాయండి. మార్కులు మీరొకసారి వేయండి, అక్కడ పనిచేసే అక్కనో బాబాయినో అడిగి విడిగా వేయించండి. రెంటికీ ఎక్కడ 2 మార్కుల తేడా వచ్చిందో అక్కడ మళ్లీ వెళ్లి నిలబడండి. ఆ కాగితంతోనే నాలుగో పాఠంలో కీలక నియంత్రణ స్థానాలు, అంటే హాజర్డ్‌ని తప్పకుండా అదుపు చేయాల్సిన మెట్లు, గుర్తిస్తాం.