పెద్దావిడ కనిపించడం లేదని గ్రూపులో మెసేజ్ వస్తే ఏం చేయాలి?

సాయంత్రం ఏడింటికి మెసేజ్ వచ్చింది: "మా అమ్మ నాలుగింటి నుంచి కనబడడం లేదండీ, ఎవరైనా చూశారా?" కింద ఫొటో. ఏడున్నరకి ఎవరో కిరాణా కొట్టు సీసీ కెమెరా క్లిప్పు పెట్టారు. ఆటో ఆగింది, మామ్మగారు ఎక్కారు, ఆటో వెళ్లిపోయింది. పదకొండు సెకన్లు. ఎనిమిదింటికల్లా అది కిడ్నాప్ అయిపోయింది. "మెడలో నానుతాడు ఉందట" అని ఒకరు, "ఆటోవాడు అటూ ఇటూ చూస్తున్నాడు, గమనించారా" అని ఇంకొకరు. తొమ్మిదింటికి ఆటో నంబరు, పదింటికి ఆ ఆటో అతని ఫొటో, ఫోన్ నంబరు, ఉండే పేట, అన్నీ గ్రూపులో తిరుగుతున్నాయి.

ఇది విజయవాడ సత్యనారాయణపురంలో, మా వీధి గ్రూపులోనే జరిగింది. ఆ రాత్రి "పోలీసులకంటే ముందే పట్టేశాం" అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు మామ్మగారు చల్లపల్లిలో క్షేమంగా దొరికారు. ఆవిణ్ని ఎవరూ ఎత్తుకెళ్లలేదు. పుట్టింటికి వెళ్దామని బయల్దేరారు, అంతే. ఆవిడ దొరకడంలో మా డిటెక్టివ్ పని ఏమైనా సాయపడిందా అంటే, లేదు. ఆలస్యం మాత్రం చేసింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. "ఎవరు" అన్న ప్రశ్న గ్రూపుది కాదు. "ఎప్పుడు, ఎక్కడ, ఎటు" అన్నవే మనవి. ఆ మూడూ చెడిపోకుండా దాచి, దర్యాప్తు చేసే ఒక్క అధికారి చేతిలో పెట్టగలిగితే మన పని అయిపోయినట్టే.

1. గ్రూపుకి ముందు 112

ఇరవై నాలుగు గంటలు ఆగితేగానీ మిస్సింగ్ కేసు తీసుకోరన్నది ఒట్టి మాట. అలాంటి రూలేం లేదు. 112కి ఫోన్ చేయండి, దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్లండి. "మా పరిధి కాదు" అనే సమస్య కూడా ఇప్పుడు ఉండకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం), 173వ సెక్షన్ కింద, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చని చెబుతోంది. జనం జీరో ఎఫ్ఐఆర్ అనేది దీన్నే. ఫిర్యాదుదారుకి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. బలవంతంగా తీసుకెళ్లారనడానికి ఆధారం కనిపిస్తుంటే కేసు కట్టడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో తేల్చింది.

ఇక్కడ ఇంట్లోవాళ్లు చేసే తప్పు ఒకటుంది. మతిమరుపు సంగతి దాచేస్తారు. మా మామ్మగారి అబ్బాయి కూడా "అమ్మ చాలా చురుగ్గా ఉంటారండీ" అన్నాడు. అమ్మకి ఇలా అయిందని నలుగురిలో చెప్పుకోవడం నామోషీ. ఆ ఒక్క మాటతో గ్రూపు మొత్తం ఒకే దారిలో పడింది: అంత తెలివిగా ఉన్న మనిషి తనంతట తను వెళ్లదు, కాబట్టి ఎవరో తీసుకెళ్లారు. అంతకుముందు రెండుసార్లు ఆవిడ గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్ల కిందట ఖాళీ చేసిన ఇంటి గుమ్మం దాకా వెళ్లి వచ్చారన్న సంగతి మర్నాడుగానీ బయటపడలేదు. ఎస్సై గారికి, స్టేషన్ రైటర్‌కి మొహమాటం లేకుండా అంతా చెప్పండి. వేసుకునే మాత్రలు, వినికిడి, ఈమధ్య ఎక్కువగా తలుచుకుంటున్న ఊరు, ఆస్తి గొడవలేమైనా ఉంటే అవి కూడా. ఆస్తి సంగతి మాత్రం స్టేషన్‌లోనే చెప్పాలి, గ్రూపులో కాదు.

ఒకరు ఇంట్లోనే ఉండాలి. ఆవిడే తిరిగి రావచ్చు.

2. ఒక ఫొటో, ఒక నంబరు, ఒక రహస్యం

పెళ్లిలో పట్టుచీర కట్టుకున్న ఫొటో పెట్టకండి. ఈ నెలలో, ఇంట్లో, మామూలు చీరలో, కళ్లజోడు పెట్టుకుని ఉన్నది పెట్టండి. ఫోన్ నంబరు ఒక్కటే ఇవ్వండి, అది ఇంట్లో నిదానస్తుడిది కావాలి. మెసేజ్‌లో తేదీ, సమయం కచ్చితంగా రాయాలి. "ఈరోజు ఉదయం నుంచి" అని రాస్తే ఆ మెసేజ్ రేపు కూడా ఈరోజే అంటుంది, వచ్చే ఏడాది కూడా ఈరోజే అంటుంది.

ఒంటిమీది బంగారం గురించి రాయకండి. ఆవిడ దారి తప్పి ఎక్కడో అరుగుమీద కూర్చుని ఉంటే, ఆ మెసేజ్ దొంగకి చిరునామా ఇచ్చినట్టే.

గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరం ఒకటి బయటపెట్టకుండా ఉంచుకోండి. చేతిసంచి రంగో, ఎడమచేతికి ఉన్న రబ్బరుబ్యాండో, చెప్పు తెగితే వేసిన పిన్నీసో, ఏదైనా సరే. "చూశామండీ" అని పది ఫోన్లు వస్తాయి. ఆ పదిలో నిజంగా చూసినవాళ్లెవరో ఈ ఒక్క వివరం తేలుస్తుంది. పోలీసులకి చెప్పండి, చుట్టాలకి చెప్పకండి.

3. సీసీ కెమెరా: ముందు గడియారం

ఇక్కడే మేం బోల్తాపడ్డాం. కొట్టు కెమెరాలో మామ్మగారు ఆటో ఎక్కిన సమయం 4:52 అని ఉంది. దాన్ని పట్టుకుని పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఐదు దాటాక బయల్దేరిన బస్సుల గురించి అందరినీ అడిగాం. ఆ డీవీఆర్ (కెమెరా దృశ్యాల్ని రికార్డు చేసే పెట్టె) గడియారం యాభై నిమిషాలు ముందుందని తర్వాత తెలిసింది. అసలు సమయం 4:02. మేం వెతుకుతున్న టైములో ఆవిడ ఎక్కిన బస్సు ఎప్పుడో ఊరు దాటేసింది.

కాబట్టి కొట్టుకి వెళ్లగానే చేయాల్సిన పని ఇది. మానిటర్‌మీద డీవీఆర్ టైము కనబడుతుండగా, పక్కన ఇంకో ఫోన్‌లో గడియారం తెరిచి, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఎంత తేడా ఉందో ఎవరూ లెక్కలు కట్టి వాదించక్కర్లేదు, ఫొటోయే చెబుతుంది. కొట్టు ఎక్కడ, కెమెరా ఏ వైపు చూస్తోంది, ఆ ఫొటో ఎప్పుడు తీశారు, ఈ మూడూ చీటీమీద రాసి పెట్టుకోండి.

రెండోది తొందర. డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ నిండగానే పాతదానిమీద కొత్తది రాసేస్తుంది. కొన్నిచోట్ల నెల ఉంటుంది, కొన్నిచోట్ల వారం కూడా నిలవదు. ముందు గంట, వెనక గంట కలిపి ఆ ముక్క మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచమని కొట్టాయన్ని బతిమాలండి. మానిటర్‌ని ఫోన్‌తో వీడియో తీసి, అందులో పదకొండు సెకన్లు కత్తిరించి పంపితే చూసేవాళ్లకి కథ దొరుకుతుంది, ముందూ వెనకా మాయమవుతుంది. మా క్లిప్పులో కత్తిరించేసిన ముందు భాగంలో ఏముందో తెలుసా? మామ్మగారే చెయ్యెత్తి ఆటో ఆపారు! కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. అసలు రికార్డింగు ఉంటేనే ఆ పని సులువు.

రంగుల్ని నమ్మకండి. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో తీసే కెమెరాలో ముదురురంగు చీర తెల్లగా పడగలదు. మసకగా ఉన్న ముఖాన్ని ఏఐ యాప్‌లో పెట్టి "క్లియర్" చేసే కుర్రాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. ఆ యాప్ ఉన్న ముఖాన్ని చూపించదు, లేని ముఖాన్ని కొత్తగా గీస్తుంది. ఆ గీసిన ముఖానికి పోలికలు ఉన్నవాడు ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉంటాడు, వాడి ఖర్మ.

బండి నంబరూ అంతే. 2019కి ముందు ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అని చెప్పగలిగేవాళ్లం. ఆ తర్వాత రాష్ట్రమంతా ఏపీ 39తో రిజిస్ట్రేషన్లు వచ్చాయి, దాన్ని బట్టి జిల్లా తెలియదు. 3కీ 8కీ తేడా తెలియని క్లిప్పు చూసి నంబరు ఖాయం చేయడమంటే వేరొకరి ఇంటిమీదికి జనాన్ని పంపడమే. అనుమానం ఉన్న అంకె దగ్గర "3 లేదా 8" అని రాసి స్టేషన్‌కి ఇవ్వండి.

4. చూసినవాళ్ల మాట చెడగొట్టకండి

"ఆకుపచ్చ చీర కట్టుకున్నారు కదా?" అని అడిగితే మనవాళ్లు అవుననే అంటారు, సాయం చేద్దామనే ఆత్రంతో. "ఏం కట్టుకున్నారండీ?" అని అడగండి. ఫొటో చూపించకముందే చెప్పించుకోండి. ఎవరి మాట వాళ్లని విడిగా రాయమనండి, గ్రూపులో కాదు. గ్రూపులో మొదట ఒకరు "ఇద్దరు మగాళ్లు ఉన్నారు" అంటే ఆ తర్వాత చూసినవాళ్లందరికీ ఇద్దరు మగాళ్లే కనబడతారు.

సమయం అడిగితే "సీరియల్ మొదలవ్వకముందు", "పూలమ్మాయి వచ్చినప్పుడు" అంటారు. విసుక్కోకండి. "ఆ టైములో టీ తాగారా, ఏమైనా కొన్నారా?" అని అడిగి ఫోన్‌పే తెరిపించండి. పన్నెండు రూపాయల టీకి కూడా నిమిషంతో సహా లెక్క ఉంటుంది. మా వీధి టీకొట్టు దగ్గర మామ్మగారిని చూసినాయన "ఐదు దాటింది" అన్నాడు. ఫోన్‌పేలో చూస్తే 3:58.

ఫొటోలు తీసినవాళ్లని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే ఫొటో తీసిన సమయం, స్థలం వివరాలు పోతాయి. ఎక్కణ్నుంచో వచ్చిన ఫొటో అయితే ముందు గూగుల్ లెన్స్‌లో వేసి, పాతదేమో చూడండి.

5. ఎక్కడ వెతకాలి

పాత ఇల్లు, పుట్టిల్లు, రోజూ వెళ్లే గుడి, కృష్ణ ఒడ్డున ఘాట్లు. గవర్నమెంటు ఆసుపత్రి క్యాజువాలిటీలో పేరు తెలియకుండా చేరినవాళ్లున్నారేమో అడగాలి. రైల్వేస్టేషన్‌లో రైల్వే పోలీసులు, ఫోన్ చేయాలంటే 139. పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

బస్సుల గురించి ఒక మాట. పర్సు ఇంట్లోనే ఉంది, చేతిలో రూపాయి లేదు, దూరం వెళ్లి ఉండదు అని మేం అనుకున్నాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచితం. ఆధార్ కార్డు కొంగున కట్టుకున్న మామ్మగారు పైసా లేకుండా ఊళ్లు దాటగలరు. కండక్టర్ జీరో టికెట్ కొడతాడు కాబట్టి అడిగితే గుర్తుండే అవకాశం కూడా ఉంది. డిపోకి పోలీసుల ద్వారా కబురు పంపించండి. మామ్మగారు చల్లపల్లిలో దిగేసరికి చీకటిపడి, ఊరికి వెళ్లే బండి లేక నిలబడిపోతే, పూలకొట్టావిడ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి పడుకోబెట్టింది. పొద్దున్నే స్టేషన్‌లో అప్పగించింది. రాత్రి పదిన్నరకి ఇచ్చిన ఫిర్యాదు అక్కడికి చేరి ఉంది కాబట్టి వెంటనే ఫోన్ వచ్చింది. ఏడింటికే ఇచ్చి ఉంటే రాత్రే తెలిసేదేమో!

6. గ్రూపులో ఎవరి పేరైనా వినబడితే

అడ్మిన్ వెంటనే ఆ మెసేజ్ తీసేయాలి. వాదించి కాదు, చెప్పి: "మీ అనుమానం స్టేషన్‌లో చెప్పండి, ఇక్కడొద్దు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత. గ్రూపు డిటెక్టివ్‌ల శాస్త్రమంతా అందులోనే ఉంది. ఆటో అతను ఫోన్ తీయలేదు, కాబట్టి దొంగ. తీస్తే తడబడ్డాడు, కాబట్టి దొంగ. డబ్బులు తీసుకోకుండా ముసలావిడని బస్టాండ్‌లో దింపానన్నాడు, ఈ రోజుల్లో ఎవరు దింపుతారు, కాబట్టి ఖాయంగా దొంగ. రాత్రి పదింటికి తెలియని నంబర్లనుంచి ముప్పై మంది బూతులు తిడుతుంటే ఎవరి గొంతు మాత్రం తడబడదు?

ఇది మన వీధి జబ్బే కాదు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో జనం ఫొటోలు పోల్చి, అంతకు నెల ముందు కనబడకుండా పోయిన ఒక విద్యార్థిని నిందితుడిగా తేల్చేశారు. కొడుకు కోసం వెతుక్కుంటున్న ఆ తల్లిదండ్రులమీద తిట్ల వర్షం కురిసింది. ఆ కుర్రాడు చనిపోయాడని తర్వాత తెలిసింది. రెడిట్ క్షమాపణ చెప్పింది. మన దేశంలో 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లన్న పుకారుతో ఐదుగురు సంచారజాతి మనుషుల్ని కొట్టి చంపారు. వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుని ఐదు చాట్‌లకు కుదించింది ఆ నెలలోనే.

పేరు, ఫొటో పెట్టి నిందవేస్తే భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం కేసవుతుంది, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. "నేను ఫార్వర్డ్ మాత్రమే చేశాను" అంటే తప్పించుకోవచ్చనుకోకండి.

7. డబ్బులడిగే ఫోన్ వస్తే

నంబరు పదిమందిలో పడ్డాక ఇలాంటిదొకటి రావచ్చు: "మీ అమ్మ మా దగ్గరుంది, యాభైవేలు పంపు." మోసగాడు కావచ్చు, నిజం కూడా కావచ్చు. రెండింటికీ జవాబు ఒకటే. అమ్మకి మాత్రమే తెలిసిన ప్రశ్న అడగండి: "మీ చిన్నప్పటి ఆవు పేరేమిటో అడిగి చెప్పండి." గొంతు వినిపించినా ఆ ప్రశ్న మానకండి, గొంతుని ఏఐతో పుట్టిస్తున్నారు. మాట పొడిగించండి, రికార్డు చేయండి, వెంటనే దర్యాప్తు చేస్తున్న అధికారికి చెప్పండి. ఈ ఫోన్ వచ్చిన సంగతి గ్రూపులో ఒక్క అక్షరం కూడా రాకూడదు. నిజంగా ఎత్తుకెళ్లినవాడైతే వాడు, లేదా వాడి మనిషి, ఆ మెసేజ్‌లన్నీ చదువుతూ ఉండవచ్చు. డబ్బు అప్పటికే పంపేసి, అది మోసమని తేలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

8. దొరికాక

పాత ఫొటోమీదే పెద్ద అక్షరాలతో "దొరికారు" అని, తేదీ వేసి, మొదటి మెసేజ్ ఎక్కడెక్కడికి వెళ్లిందో అక్కడికల్లా పంపండి. పాతవాటిలో ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఉన్న పోస్టులు తీయించండి. ఎవరిమీద నింద పడిందో ఆ మనిషి గురించి కూడా అదే గ్రూపుల్లో, నింద ఎంత పెద్దగా వేశామో అంత పెద్దగా రాయాలి. మేం రాశాం గానీ, నాలుగు రోజులు ఆలస్యంగా. అప్పటికి ఆటో అతను స్టాండు మార్చేసుకున్నాడు.

"దొరికారు" అన్న మెసేజ్ మాత్రం మేం సరిగా పంపలేదు. ఎనిమిది నెలల తర్వాత రాజమండ్రి నుంచి మామ్మగారి మేనకోడలు ఫోన్ చేసింది, కంగారుగా: "అత్తయ్యని ఎవరో ఎత్తుకెళ్లారటగా, ఇప్పుడే మా గ్రూపులో వచ్చింది." ఫోన్ ఎత్తింది మామ్మగారే.

"ఎవరినే?" అన్నారు.